దండేసిన ఫోటో

చనిపోయింది వనజ. తార్నాక చౌరస్తాలో దండ వేసింది మాత్రం సుధామయి ఫోటోకి.

మెట్రో స్తంభం పక్కన కట్టిన ఆ ఫ్లెక్సీ కింద నిలబడి సుధామయి తన మొహాన్ని తానే చూసుకుంది. నోరు తెరిచి, కళ్లు సగం మూసి, రెండు చేతులూ చాచి, ఛాతీకి రిబ్బను తగులుతుండగా గీత దాటుతున్న తను. పైన ‘పరుగుల రాణికి అశ్రునివాళి’ అని ఉంది. కింద ‘వనజ అమర్ రహే’. ఇంకా కిందికొస్తే విద్యార్థి నాయకుడు దేవేందర్ దణ్ణం పెడుతున్న ఫోటో, ఇంచుమించు పోయిన మనిషి ఫోటో అంత సైజులో. వాడి పక్కన వాడి స్నేహితుల మొహాలు వరసగా ఉన్నాయి, అందరూ పెళ్లికి ఆహ్వానిస్తున్నట్టు చిరునవ్వుతో. ఎవరో పుణ్యాత్ముడు బంతిపూల దండ తెచ్చి ఫ్లెక్సీకి కట్టి పోయాడు.

భయం వేయాలి కదా అనుకుంది సుధామయి. వేయలేదు. ఏడుపూ రాలేదు. మంగళవారం పొద్దున గ్రౌండులో వనజ పడిపోయినప్పటి నుంచి ఆమెకు ఏదీ రావడం లేదు. పళ్ల డాక్టరు సూదేశాక పెదవి ఎలా ఉంటుంది, ఉందని తెలుస్తుంది గానీ మనది కాదన్నట్టు ఉంటుంది చూడండి, ఆమెకు ఒళ్లంతా అలా ఉంది. కాఫీ తాగితే వేడి తెలిసేది, రుచి తెలిసేది కాదు.

జరిగింది చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ప్రాక్టీసులో ఒక రౌండు ఉరికి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, “సుధా, నీళ్లియ్యి” అంది వనజ. సుధామయి సీసా మూత తిప్పేలోపు పడిపోయింది. ఆస్పత్రికి చేరేసరికి ప్రాణం లేదు. గుండెలో పుట్టుకతోనే లోపం ఉందన్నారు డాక్టర్లు. అది ఎవరికీ తెలియదు, పాపం వనజకూ తెలియదు. అంతే, అందులో ఇంకేమీ లేదు.

ఇంకేమీ లేదంటే మరి టీవీల వాళ్లకు పొద్దెలా గడుస్తుంది? మధ్యాహ్నానికల్లా ‘ఏం తిన్నది? ఏం తాగింది? ఎవరితో మాట్లాడింది?’ అంటూ ఎర్రక్షరాలు తిరగడం మొదలైంది. ఒకాయన స్టూడియోలో ప్లాస్టిక్ గుండెను పుల్లతో పొడిచి చూపించాడు. ఇంకొకావిడ, అసలు ఆడపిల్లలకు ఇన్ని పరుగులు అవసరమా అని అడిగింది. ఆవిడ తన కుర్చీలోంచి లేచి ఎన్నాళ్లయిందో మరి. కోచ్ పరశురాం సార్ ఇంటి ముందు కెమెరాలు కాపు కాస్తే, ఆయన తలుపేసుకుని ఫోను ఆపేసుకున్నాడు. వీటన్నిటి మధ్యా ప్రతి ఛానెల్లోనూ తిరిగింది ఆ ఒక్క ఫోటోనే.

ఆ ఫోటో సంగతి చెప్పాలి. రిలే పరుగులో నలుగురుంటారు. గీత దాటేది నాలుగో మనిషి. రిబ్బనూ ఆ మనిషిదే, ఫోటో కూడా ఆ మనిషిదే. మూడో మనిషి కర్ర చేతికందించి, పక్కకు తప్పుకుని, మోకాళ్లు పట్టుకుని రొప్పుతుంది. రొప్పేవాళ్లను ఎవరూ ఫోటో తీయరు. వనజ ఎప్పుడూ నాలుగోది, సుధామయి ఎప్పుడూ మూడోది. పోయినేడు యూనివర్సిటీల పోటీ పొద్దున వనజ సార్‌ని బతిమాలి వరస మార్పించింది.

“ఎప్పటికి నా మొహమే వస్తున్నది పేపర్ల” అంది సుధామయితో. “ఈపారి నువ్వు ఆఖరుకు ఉరుకు. మీ మమ్మీ కట్ చేసి దాచిపెట్టుకుంటది.”

గెలిచారు. ఫోటో పేపర్లో వచ్చింది కూడా. కింద పేరు మాత్రం వనజ అని వచ్చింది. ఆఖరున ఉరికేది వనజే కదా అని ఆ రాసినాయన ఎవరినీ ఒక్క మాట అడక్కుండా రాసిపారేశాడు. ఫోన్ చేసి చెబుదామంది సుధామయి. “పోనీ తియ్ సుధా, ఇద్దరికి సగం సగం” అని క్యాంటీన్లో బల్ల గుద్ది మరీ నవ్వింది వనజ. ఇద్దరూ నవ్వి ఊరుకున్నారు. ఊరుకోబట్టి ఆ ఫోటో ఆ పేరుతోనే ఇంటర్నెట్లో ఉండిపోయింది. ఇప్పుడు వనజ పేరు కొడితే ముందు వచ్చేది అదే. పరుగు ఆఖర్లో మనిషి మొహం వంకర్లు పోతుంది. అది ఎవరి మొహమో బాగా ఎరిగినవాళ్లకు తప్ప తెలియదు.

బాగా ఎరిగిన మనిషి ఒకరు గోల్నాకలో ఉన్నారు. వనజ తల్లి భారతమ్మ. జాకెట్లు కుట్టి కూతుర్ని ఒంటిచేత్తో పెంచిన మనిషి. సుధామయి ఆ ఇంట్లో ఎన్నిసార్లు అన్నం తిన్నదో లెక్కే లేదు. బస్తీ వాళ్లు మంచివాళ్లు, ఆమె ముందు టీవీ పెట్టలేదు, ఫోన్లు చూడనివ్వలేదు. కాబట్టి ఆమె ఇంకా ఆ ఫోటో చూడలేదు. శుక్రవారం క్యాంపస్‌లో సంతాపసభ. ఆమెను కారులో తీసుకొచ్చి, ఆ ఫోటో ముందు నిలబెట్టి, దండ వేయిస్తారు.

దాన్ని ఆలోగా మార్పించాలి. సుధామయికి మిగిలిన పని అదొక్కటే. పైకి తప్పు దిద్దడమే గానీ, లోపల ఉన్నది వేరే. ఆ తల్లి తన బిడ్డకోసం వచ్చి, దండ కింద ఈ మొహాన్ని చూసి, ‘ఇదే నిజమై నా బిడ్డ బతికుంటే ఎంత బాగుండు’ అని ఒక్క క్షణం అనుకుంటుందేమోనని. అనుకుంటే తప్పు పట్టేదేమీ లేదు. కానీ ఆ చూపు తన మీద పడితే ఆ తర్వాత బతకడం ఎలాగో సుధామయికి తెలియలేదు.

ఇంట్లో గొడవ ఇంకో రకం. వాళ్లది రాజమండ్రి వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన కుటుంబం. తల్లి కాత్యాయని కూరగాయలకు వెళ్లి, చౌరస్తాలో కూతురి ఫోటోకి దండ చూసి, సంచీ అక్కడే వదిలేసి వచ్చింది.

“బతికున్న పిల్లకి దండేస్తారుటే? వాళ్ల చేతులు పడిపోనూ” అంది. “నువ్వు గడప దాటావంటే ఒప్పుకోను. ఆయుష్య హోమం చేయించేదాకా గ్రౌండూ లేదు గీండూ లేదు.”

“వనజ పోయిందమ్మా” అంది సుధామయి.

“పోయిందిలే, బంగారంలాంటి పిల్ల. నేనేమీ ఏడవలేదనుకోకు. కానీ నువ్వు ఉన్నావు కదే.”

తండ్రి సుందరరావు కూరగాయల కత్తి జేబులో వేసుకుని వెళ్లి, దండ తెంపి వచ్చాడు. జీవితంలో ఎర్ర సిగ్నల్ కూడా దాటని పెద్దమనిషి. తెల్లారేసరికి ఆ చోట రెండు దండలున్నాయి.

గురువారం సుధామయి తల్లి పూజలో ఉండగా గడప దాటేసింది. దేవేందర్ క్యాంటీన్ ముందు నలుగురిని చుట్టూ పెట్టుకుని సభకు మైకులు పురమాయిస్తున్నాడు. చెడ్డవాడేం కాదు. ఆ రోజు ఆస్పత్రికి బండి మాట్లాడింది అతనే. సుధామయి విషయం చెబితే పక్కనున్న ఫ్లెక్సీ వంక, ఆమె వంక రెండుసార్లు చూశాడు.

“అరె, నిజమే గదా” అన్నాడు. “జర ముందుగాల చెప్పొద్దా సుధా? విద్యానగర్ల ప్రింట్ కొట్టించిన, సిటీ మొత్తం కట్టించిన. గిప్పుడు పీకితే పోరగాళ్లు మనల్నే నవ్వుతరు. స్టేజి మీదిది మార్పిస్త, ఫికర్ చెయ్యకు.”

“వాళ్లమ్మ చూసేలోపు మార్చాలి, అన్నా.”

“మారుస్త అన్న గదా. నీ దగ్గర మంచి ఫోటో ఉంటే పంపు. ఉరికేదే ఉండాలె మల్ల.”

పరుగెత్తే మంచి ఫోటో లేదు, పాత పేపర్లలో వచ్చినవన్నీ మసక ముక్కలే. వనజ పక్కన తనూ పరుగెత్తుతుంటే తీసేదెవరు? సుధామయి ఫోన్లో ఉన్నదల్లా వనజ మిర్చిబజ్జీ కొరికి నాలుక కాలి ఊదుకుంటున్న ఫోటో, బస్సులో నోరు తెరిచి నిద్రపోతున్న ఫోటో, ట్రాక్ మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటూ తలెత్తి చూస్తున్న ఫోటో. ఆ మూడోది పంపింది. ‘ఓకే’ అని బొటనవేలు బొమ్మ వచ్చింది.

తర్వాత ఛానెల్ రిపోర్టర్ రఘువీర్. అతను గేటు దగ్గరే ఉన్నాడు, మూడు రోజులుగా అక్కడే తింటున్నాడు, అక్కడే చొక్కా మారుస్తున్నాడు. ఈమె చెప్పింది విని తల పట్టుకున్నాడు.

“మేడం, ఆ ఫోటోను ఎంతమంది షేర్ చేసిన్రో తెలుసా? గిప్పుడు అది ఆమె కాదంటే జనం ఏడిశిందంతా ఏమైతది?” అన్నాడు. అంతలోనే మెరిసే కళ్లతో, “ఒక పని చేద్దాం. మీరు కెమెరా ముందట బైట్ ఇయ్యుర్రి. ‘చనిపోయింది నేను కాదు’ అని. ఏడ్చుకుంట చెప్తే జనంలకు మస్తు పోతది” అన్నాడు.

“నాకు ఏడుపు రావట్లేదండీ” అంది సుధామయి. అది నిజం కాబట్టి చెప్పింది. అతనికి ఇంక ఆమెతో పని లేకపోయింది.

సాయంత్రం కొవ్వొత్తుల ఊరేగింపు వస్తుంటే ఆమె పక్కకు తప్పుకుంది. వందలమంది చేతుల్లో తన మొహం. అందులో ఒక చిన్నపిల్ల, మల్కాజ్‌గిరి నుంచి రైలెక్కి వచ్చానంది, వెక్కి వెక్కి ఏడుస్తూ ఆగి ఆమె చేతికి కూడా ఒక కొవ్వొత్తి ఇచ్చింది. “మీకు కూడా వనజక్క అంటే ఇష్టమా?” అని అడిగింది. సుధామయి తలూపింది. ఆ పిల్ల కడుపులోంచి ఏడుస్తోంది, నటన కాదు. అంత ఏడుపు చూసి సుధామయికి అసూయ వేసింది. మైనం వేలి మీద పడినా చేయి తీయాలని తోచలేదు.

దేవేందర్ మాట మీద నమ్మకం చాలక ఆమె తార్నాక సందులో ఫోటో స్టూడియోకి వెళ్లి, లేసు కట్టుకుంటున్న వనజను పెద్దది చేయించి, ఫ్రేము కట్టించింది. దాన్ని స్పోర్ట్స్ బ్యాగులో, తువ్వాలు మడతలో పెట్టుకుంది.

శుక్రవారం సభకు గ్రౌండు నిండిపోయింది. సుధామయి జనంలోంచి తోసుకుంటూ ముందుకొచ్చి స్టేజి వైపు చూసింది. ఫోటో మారలేదు. అదే రిబ్బను, అదే నోరు. దండలు గొంతుదాకా వచ్చాయి. నుదుట ఎవరో కుంకుమ కూడా అద్దారు. మైకు దగ్గర దేవేందర్ ఆమెను చూసి, మరిచిపోయానన్నట్టు నాలుక కరుచుకున్నాడు. అంతలో కారొచ్చింది.

భారతమ్మను ఇద్దరాడవాళ్లు పట్టుకుని మెట్లెక్కించారు. ముడతలు పడ్డ నీలం చీర, కాళ్లకు చెప్పులు కూడా లేవు. కెమెరాలన్నీ ఒక్కసారి లేచాయి. ఎవరో ఆమె చేతిలో దండ పెట్టి ఫోటో ముందుకు నడిపించారు. సుధామయి ఉన్నచోటే ఆగిపోయింది. చూడకూడదనుకుంది, కానీ తల పక్కకు తిరగలేదు.

భారతమ్మ ఫోటో వంక చూసింది. చాలాసేపు చూసింది. చేయి చాచి ఆ చెంప తడిమింది. తల్లి గుండె పగిలిందనుకున్నారు జనమంతా. ఆమె చేతిలో దండను కింద పెట్టింది. తర్వాత ఫోటో మీది దండల్లో పైదాన్ని తీసింది. దాని కిందిదీ తీసింది. ఒక్కొక్కటీ తీసి పక్కన పడేస్తుంటే, దేవేందర్ “అమ్మా, అమ్మా” అంటూ దగ్గరికి వచ్చాడు.

“గీ పిల్ల బతికున్నదయ్యా” అంది భారతమ్మ. మైకు దగ్గరే ఉండడంతో ఆ మాట గ్రౌండంతా వినిపించింది. “నా బిడ్డ దోస్తు. ఒక్క బిడ్డ పోయింది చాలదా మీకు? దీనికెందుకేసిన్రు దండ?”

ఆమె చీర కొంగుతో ఆ నుదుటి కుంకుమ తుడిచింది. పోకపోతే కొంగును నోట తడి చేసుకుని మళ్లీ తుడిచింది. అప్పుడు జనం వైపు తిరిగింది.

“సుధా, యాడున్నవ్ బిడ్డా?”

సుధామయి ఎలా మెట్లెక్కిందో ఆమెకే తెలియదు. భారతమ్మ ఆమె రెండు చెంపలూ నిమిరి, ఆ చేతులను తన కణతలకు ఆనించి మెటికలు విరిచింది. అన్ని వేళ్లూ పటపటమన్నాయి. “నీకేం గాలే. నీకేం గాదు” అంది. ఆ కళ్లలో సుధామయి మూడు రోజులుగా భయపడిన చూపు లేదు. ఉన్నదల్లా కంగారు, జ్వరమొచ్చిన పిల్లను చూసే తల్లి కంగారు.

అప్పుడు వచ్చింది ఏడుపు. నిలబడలేక కూలబడి, ఆమె కాళ్లు చుట్టేసుకుని, “నీళ్లు అడిగిందమ్మా, నీళ్లు ఇవ్వలేకపోయాను” అని అరిచి అరిచి ఏడ్చింది. భారతమ్మ కూడా పక్కనే కూర్చుని, ఆమె తలను ఒళ్లోకి లాక్కుంది. “అమ్మా, ఆ దండ తీసుడు మా కెమెరాకు పడలే, ఇంకొక్కసారి తీస్తరా?” అని కింది నుంచి రఘువీర్ అడిగాడు. దేవేందర్ వెళ్లి అతని కెమెరాకు చేయి అడ్డం పెట్టాడు. ఆ ఒక్క పనికి అతన్ని క్షమించేయవచ్చు.

కాసేపటికి సుధామయి బ్యాగులోంచి ఫ్రేము తీసింది. లేసు పట్టుకుని తలెత్తి చూస్తున్న వనజ. భారతమ్మ దాన్ని చూసి, ఎవరికీ కనపడకుండా ఫ్రేమును లోపలి వైపుకు తిప్పి, కొంగు కింద గుండెకు పెట్టుకుంది.

“దీన్ని గీడ పెట్టనియ్య” అంది. “ఇంటికి తీస్కపోత. దండ నేనే వేస్కుంట. పా బిడ్డా, పోదాం.”

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని మెట్లు దిగారు. ఆ సాయంత్రం ఛానెళ్లన్నిటిలో అదే దృశ్యం. తెర కింద సుధామయి పేరు లేదు. ‘కన్నీరుమున్నీరైన వనజ చెల్లెలు’ అని వేశారు. గోల్నాకలో భారతమ్మ పక్కన కూర్చుని అది చూసిన సుధామయి ఈసారి దాన్ని దిద్దమని ఎవరినీ అడగలేదు.