చిగురు కోసిన రెండు వారాలు

నా ముందుపన్ను విరిగింది వల దారం కొరికే. పన్నెండేళ్ళు రోజూ నైలాన్ దారం కొరికితే ఏ పన్ను మాత్రం ఉంటుంది? చిగురు దాకా విరిగి, బియ్యపుగింజంత ముక్క మిగిలింది.

పోర్ట్‌బ్లెయిర్‌లో పళ్ళ డాక్టరమ్మ చూసింది. ఈ ముక్కకి తొడుగు పట్టదంది. చిగురు కొంచెం కోసి పైకి జరిపితే లోపల దాగిన పన్ను బయటపడుతుందట, అప్పుడు తొడుగు నిలుస్తుందట. ఇదంతా హిందీలో చెప్పింది. అందులో కోత అన్న మాట ఒక్కటే నా చెవిన పడింది. సూది వేస్తుంటే పక్కనున్న మా ఆయన నూకన్న చేతిలో గోళ్ళు దిగేలా పట్టుకున్నాను. కోసి, కుట్లు వేసి, పైన గులాబీరంగు ముద్ద అతికించింది.

"దీదీ, దో హఫ్తే. సామ్నే కే దాంత్ సే కుఛ్ నహీ కాట్‌నా. ధాగా తో బిల్కుల్ నహీ," అని రెండు వేళ్ళు చూపించింది. రెండు వారాలు ముందుపళ్ళతో ఏమీ కొరకకూడదట, దారం కొరికి కుట్లు ఊడగొట్టుకుంటే ఇక పన్ను పీకేయడమేనట.

తల ఊపాను. ఊపడానికేం, తేలికే. మా ఊరు మాయాబందర్ దాకా బస్సు కుదిపినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చాను.

ఇంట్లో సగం అల్లిన కొత్త వల నాకోసం కాచుకుని ఉంది. మా అత్త దేముడమ్మది ఒకటే నియమం. వలకి కత్తి తగలకూడదు. కత్తి తగిలిన వల మనిషిని మింగుతుందట. ముడి వేశాక మిగిలిన దారం పంటితోనే తెంపాలి. మా పేటలో మిగతావాళ్ళంతా హాయిగా బ్లేడు వాడతారు. మా ఇంట్లో ఆ మాట ఎత్తితే చాలు, ఆవిడ మూడు రోజులు అన్నం ముట్టదు.

"ఒలే కాసులా, పక్కపళ్ళు నేవేటే నీకు? ఆటితో కొరుకు. నానే కొరుకుదును గానీ, నాకు పళ్ళేవీ?" అంది.

పక్కపళ్ళతో కొరికి చూశాను. పెదవి సాగి కుట్టు లాగింది. ఉమ్మితే నెత్తురు. పన్ను పోతుందన్న భయం ఒకపక్క, అత్త భయం మరోపక్క.

నాలుగోనాడు ఆవిడ బజారుకి వెళ్ళగానే తలుపు గడియ పెట్టి, నూకన్న గడ్డం గీసుకునే బ్లేడు తీశాను. అప్పట్నించి ఆవిడ బయటికి వెళ్ళినప్పుడల్లా ముడి ముడికీ దండం పెట్టుకుంటూ కోసి, వల పూర్తిచేశాను. పంటితో తెంపిన కొస నలిగి ఉంటుంది, బ్లేడుతో కోసింది నున్నగా ఉంటుంది. అత్త కళ్ళు సామాన్యమైనవా? అందుకని ప్రతి కొసనీ రాయితో నలిపాను. దొంగతనానికి కూడా ఇంత చాకిరీ ఉంటుందని అప్పుడే తెలిసింది.

తొమ్మిదోనాడు నూకన్న ఆ వలతో వేటకి డోంగీ పడవ తీశాడు. తోడు వెళ్ళే అప్పలకొండకి జ్వరం, అందుకని ఒక్కడే వెళ్ళాడు. పది గంటలకి రావలసినవాడు, మధ్యాహ్నం దాటినా రాలేదు.

అత్తా నేనూ జెట్టీ మీద నిలబడ్డాం. చిగురు సలుపుతోంది. నాలుక మాటిమాటికీ ఆ పంటి మీదికే పోతోంది. ఒక్క పన్ను కోసం మొగుణ్ణి సముద్రానికి ఇచ్చేశానా? అత్త మాట నేనెప్పుడూ నమ్మలేదు. ఆ రోజు నమ్మాను. మా మామ కూడా, నేను కోడలిగా రాకముందు, ఇలాగే వేటకెళ్ళి ప్రాణంతో తిరిగి రాలేదు.

మూడింటికి ఇక ఓర్చుకోలేకపోయాను.

"అత్తా, నాను వలకి బ్లేడు ఎట్టీసేను."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

"ఎన్ని ముడులకే?"

"అన్నిటికీ."

ఆవిడ మెట్టు మీద కూలబడింది. నా వైపు మళ్ళీ చూడలేదు.

నాలుగున్నరకి మలుపు దగ్గర డోంగీ కనబడింది. ఇంజను చప్పుడు లేదు, తెడ్డుతో వస్తున్నాడు. "మావా!" అని అరిచిన అరుపుకి కుట్టు తెగిందేమో, నోరంతా ఉప్పగా అయింది. అయితే అయిందనుకున్నాను.

డోంగీలో వల లేదు. నూకన్న మెట్లెక్కి, తల్లి ముందు తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డాడు.

"వల బండకి పట్టీసినాదమ్మా. ఇటు కొస ఇంజను ఫంకాకి సుట్టుకుని అదీ ఆగిపోనాది. పోటు ఎక్కేకొద్దీ వల డోంగీని కిందకి లాగీసింది. కత్తి సేతిలోనే ఉంది. నీ మాటకి బయపడి శానాసేపు కొయ్యనేదు. నీరు మోకాల్దాకా ఒచ్చీసినాక కోసీసేనమ్మా."

అత్త లేచి కొడుకు ముఖం రెండు చేతులతో తడిమింది.

"మీ అయ్యా వలలోనే సుట్టుకుపోయి దొరికినాడురా. మొలలో కత్తి మొలలోనే ఉంది. ఒక్క పోగు కొయ్యనేదు," అంది. "ఆ మాట ఆడికి సెప్పింది నానే. అది తప్పని ఎలాగ ఒప్పుకుందునురా? ఒప్పుకుంటే ఆణ్ణి నానే సంపీసినట్టు."