ఉప్పునీళ్ల వీధిలో వేపచెక్క దువ్వెన

నేను ఒక వేపచెక్క దువ్వెనను. పళ్లున్నాయి గానీ నాలుక లేదు. ఉండి ఉంటే ఒక తల్లికి చాలా ఏడుపు తప్పేది.

గోదావరి లంక ఊళ్లో ఒక వడ్రంగి కిటికీ రెక్క చేయగా మిగిలిన ముక్కలోంచి నన్ను తీశాడు. చేతిరంపంతో సందు సందూ కోసి, గరుకంతా పోయేలా రుద్ది, ఆముదంలో నానబెట్టి, తీర్థం జాతరలో గోనెపట్టా మీద అమ్మకానికి పరిచాడు. మాణిక్యమ్మ అనే ఆవిడ నన్ను కొని అక్కడే తల్లో గుచ్చి చూసుకుంది. కుంకుడు రసం, కాలవ నీళ్లు తప్ప మరొకటి ఎరగని జుట్టు అది. అందులో దిగితే నాకు ఈత కొట్టినట్టుండేది.

మాణిక్యమ్మకు భయమంటే తెలియదు. ఆవిడ పడాల్సిన భయాలన్నీ కూడబెట్టుకున్నట్టు పుట్టింది కూతురు సత్యవేణి. పెళ్లయి కాపురానికి వెళుతూ ఆ అమ్మాయి నన్ను కూడా తీసుకువెళ్లింది. ఫోను మోగితే ఎవరో పోయారనుకుంటుంది, మోగకపోతే ఆ కబురు చెప్పేవాళ్లు కూడా పోయారనుకుంటుంది. భర్త సూరిబాబు రొయ్యల మేత కంపెనీలో గుమాస్తా. అతన్ని ఒంగోలు బదిలీ చేసిన రోజున, ఏదో తప్పు చేసినందుకే పంపేస్తున్నారని రెండు పూటలు అన్నం మానేసింది.

ఒంగోలులో ఊరి చివర కాలనీలో ఇల్లు దొరికింది. కుళాయి తిప్పితే నీళ్లు అద్దంలా వచ్చాయి. చూడ్డానికి మాత్రమే. బోరు నుంచి ఎక్కించిన ఉప్పునీళ్లవి. బిందెల అంచులకు తెల్లటి పొర కట్టింది. స్నానాల గది గచ్చు సున్నం కొట్టినట్టయింది. ఎంత రుద్దినా సబ్బు నురగ రాకపోతే నకిలీ సబ్బు అంటగట్టాడని సత్యవేణి కిరాణా కొట్టాయన్ని అనుమానించింది. టీ మీద తెట్టు తేలితే ఆ అనుమానం పాలవాడి మీదికి పోయింది. ఎన్ని కూతలు పెట్టించినా కందిపప్పు గింజ గింజగానే ఉంటే కుక్కరు పేలిపోతుందేమోనని పొయ్యి కట్టేసి పెరట్లో నిలబడింది.

పక్కింటి కోటేశ్వరమ్మ గోడ మీదుగా నవ్వింది. "ఈడ నీళ్లే అంతమ్మా. పప్పులోకి క్యాను నీళ్లు పొయ్యి, చక్కగా ఉడుకుద్ది."

పోసింది, ఉడికింది. అక్కడితో నీళ్ల సంగతి అర్థమైపోయిందనుకున్నాను. కానీ కన్నబిడ్డ దగ్గరికి వచ్చేసరికి తల్లి మనసుకు చిన్న కారణాలు ఆనవు.

కూతురు లిఖిత ఇంటర్ చదువుతోంది. ఆ ఊరు వచ్చిన కొన్ని నెలలకు ఆ పిల్ల జుట్టు పీచులా తయారైంది. ఒకసారి లోపలికి వెళ్లి వస్తే నా పళ్ల నిండా వెంట్రుకలే.

"ఎక్కువ ఊడుతోందా అమ్మా?" అని అడిగింది లిఖిత వెనక్కి తిరగకుండా.

"లేదే, ఉత్తి చిక్కు. కదలకు," అంది సత్యవేణి. అంటూనే ఆ వెంట్రుకల్ని గుప్పిట్లో దాచేసింది.

సత్యవేణి పెద్దమ్మ కూతురు పెద్ద జబ్బుతో పోయింది. పోయేనాటికి తలమీద వెంట్రుక లేదు. జబ్బుకు ఊడిందో, జబ్బుకిచ్చిన మందులకు ఊడిందో సత్యవేణికి తెలియదు. ఊడిందన్నదే గుర్తు. ఆ జబ్బు పేరు పైకి అనడానికి కూడా భయపడింది. అందరిలా వెంట్రుకల్ని ఉండ చుట్టి, ఉమ్మి అవతల పారేయలేదు. డాక్టరుకు చూపించాలని చీరల కొట్టు కవరులో దాచి బీరువా మీద పెట్టింది. తీరా చూపిస్తే డాక్టరు ఏం చెబుతారోనని ఆసుపత్రికే వెళ్లలేదు. కవరు మాత్రం ఉబ్బుతూ వచ్చింది. నాతోనే తను దువ్వుకున్నప్పుడూ అన్నేసి ఊడుతున్నాయి. అవి లెక్కలోకి రాలేదు. వయసు మీద పడుతోందనుకుని దులిపేసుకుంది. ఒకే నీళ్లు పోసుకునే రెండు తలలమ్మా ఇవి, అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో! వినిపించేదెలా?

ఒక ఆదివారం పొద్దున్న సత్యవేణి నన్ను ముడిలో గుచ్చుకుని బట్టలు ఆరేస్తుండగా వీధిలో కేక వినబడింది. "చిక్కెంట్రుకలకు స్టీలు గిన్నెలేయ్!"

గిన్నెల బుట్టతో నాగమ్మ వచ్చి కోటేశ్వరమ్మ అరుగు మీద కూర్చుంది. ఊడిన వెంట్రుకలు తీసుకుని సామాను ఇచ్చే మనిషి. సత్యవేణి గేటు దాకా వెళ్లి ఆగిపోయింది. పై నుంచి నాకంతా కనబడుతోంది.

కోటేశ్వరమ్మ పైట చాటున సంచి పట్టుకుని వచ్చింది. ఎదురింటి మస్తాన్‌బీ చంకలో దిండు గలీబుతో వచ్చింది. హెడ్మాస్టరు గారి భార్య శేషారత్నం అటూ ఇటూ చూసుకుంటూ మిఠాయి డబ్బాతో మేడ దిగింది. ముగ్గురూ ఒకరి చేతిలోది ఒకరు చూసుకుని నిలబడిపోయారు.

"ఓయబ్బో! దిండే తెచ్చినావే మస్తానూ!" అంది కోటేశ్వరమ్మ.

"నువ్వేమన్నా తక్కువ తెచ్చినావా అక్కా? అది సంచా, వడ్ల బస్తానా?"

నాగమ్మ నోటిమీద చెయ్యి వేసుకుంది. "ఏందమ్మా, ఈదంతా కలిసి కొండకి పొయ్యొచ్చారా?"

"నాకేదో రోగం వచ్చిందనుకుని మా వారికి కూడా చెప్పలేదండీ," అని గొణిగింది శేషారత్నం.

సత్యవేణి గేటు తోసుకుని వీధిలోకి వచ్చింది. "అంటే... మీ అందరికీ ఊడుతోందాండీ?"

"ఈ నీళ్లు పోసుకుంటే గేదెక్కూడా ఊడుద్ది! మా ఆయనకైతే ఊడను ఇంకేం మిగల్లా," అంది కోటేశ్వరమ్మ.

వీధంతా నవ్వింది. సత్యవేణి కూడా నవ్వబోయింది, ఏడుపొచ్చింది. గబగబా లోపలికెళ్లి స్టూలు ఎక్కి బీరువా మీది కవరు దింపింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో లిఖిత. కాలేజీ బ్యాగులోంచి అంతకంటే పెద్ద కవరు తీసి చూపించింది.

"ఇది కూడా ఇచ్చెయ్యమ్మా."

"ఏంటే ఇది?"

"నీ దగ్గరికి రాకముందే వేరే దువ్వెనతో నేనొకసారి దువ్వేసుకునేదాన్ని. లేకపోతే ఇవి కూడా నీ కంట పడేవి కదా."

"నాతో చెప్పొచ్చు కదే పిచ్చిమొహమా!"

"చెబితే నువ్వు నిద్రపోతావా? మరి నువ్వెందుకు చెప్పలేదు?"

ఇద్దరూ కవర్లు తీసుకుని బయటికి నడిచారు. నాగమ్మ రెండింటినీ చేత్తో తూచి మూత ఉన్న గిన్నె ఒకటి చేతిలో పెట్టింది. "పెద్దది ఇయ్యవే, మాది గోదారి జుట్టు!" అని సత్యవేణి బేరమాడింది. ఆవిడ బేరమాడటం ఆ ఊరొచ్చాక అదే మొదలు.

భయం తగ్గాకే ఆసుపత్రికి వెళ్లే ధైర్యం వచ్చింది. మనుషుల తీరే అంత. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, పిల్లకు ఏ జబ్బూ లేదంది, తలస్నానం చివర్న మంచినీళ్లు పోసుకోమంది. "మరి ఈ నీళ్లు తాగితే కడుపులో రాళ్లు కడతాయాండీ?" అని అడిగింది సత్యవేణి వదలకుండా. డాక్టరమ్మ నవ్వింది. లిఖిత తల పట్టుకుంది. ఆ తలలో జుట్టు ఇంకా చాలానే ఉంది.

ఇంటికొచ్చాక ఆ పిల్ల నన్ను తల్లి చేతిలోంచి లాక్కుని, "నువ్వు కూర్చో, ఇవాళ నేను దువ్వుతాను," అంది.

"నాకెందుకే?"

"నీది జుట్టు కాదా?"

సత్యవేణి గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చుంది. నేను మెల్లగా దిగాను. దారిలో చిక్కులు తగిలాయి, కొన్ని వెంట్రుకలు నా వెంట వచ్చాయి. ఎన్నొచ్చాయని ఆవిడ అడగలేదు. కాసేపటికి మెడ వాలింది. పిల్ల దువ్వుతూనే ఉంది, తల్లి పట్టపగలు గుమ్మంలో కూర్చునే నిద్రపోయింది.