బొట్టు పెట్టిన వాల్వులు

మా ఆయన మదనపల్లెలో శెనక్కాయల మిల్లులో మోటార్లు చూసేవాడు. అది కూటి కోసం. ప్రాణం మాత్రం పాత రేడియోల మీద. పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదికంతా చేతిలో పట్టుకుపోయే ట్రాన్సిస్టర్లు ఊరంతా వచ్చేశాయి. కొయ్యపెట్టెల్లాంటి పెద్ద రేడియోలను జనం అటక ఎక్కించారు. మా పక్కింటి అమరావతి రేడియో డొల్లలో కోడిని పొదగేసింది. పదకొండు పిల్లలు లేచాయి, ఒక్క గుడ్డూ చెడలేదు. అలాంటి రేడియోల కోసం మా ఆయన మంగళవారం సంతలో పాత ఇనుము అమ్మేవాళ్ళ గోతాలు కెలికేవాడు.

ఆయనకు తోడు ఇద్దరు. ఒకడు పుంగనూరు ఖాజా మొహిద్దీన్. బస్టాండు దగ్గర వాచీలు బాగుచేసేవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. ఇంకొకడు కుప్పం పాపన్న. స్టేషన్లో పార్సిళ్ళు ఎత్తే పని. కోలారు గనుల దగ్గర పాత బంగళాల్లో సామాన్లు అమ్మేస్తున్నారంటే రైలువాళ్ళ నోటి మీదుగా ముందు అతనికే తెలిసేది. ముగ్గురిలో ఎవరికీ రేడియో అంగడి లేదు. చచ్చిన రేడియో పలికిందంటే వాళ్ళకు పండగ, అంతే.

వాళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరికి ఏ సామాను దొరికినా మా ఇంట్లోని రేకు పెట్టెలో చేరాలి. ఎవరికి అవసరమైతే వాళ్ళు తీసుకోవచ్చు. పాపన్న క్వార్టర్సు వానకు కారుతుంది, మొహిద్దీన్ ఇంటినిండా పిల్లలు, అందుకని పెట్టె మా ఇంట్లో. దొరికినప్పుడల్లా ఆ సామాను నంబరు పోస్టుకార్డు మీద ఒకరికొకరు రాసుకునేవాళ్ళు. ఆ కార్డులన్నీ, వాళ్ళిద్దరూ తిరిగి తెచ్చిచ్చినవి కూడా, మా ఆయన తీగకు గుచ్చి దూలానికి వేలాడదీశాడు. నెలకో ఆదివారం ముగ్గురూ మా ఇంట్లో కలిసేవాళ్ళు.

పెట్టెలో ఎక్కువ ఉండేవి వాల్వులు. బొటనవేలంత గాజుబుడ్డీలు, లోపల రేకు ముక్కలు, వెంట్రుకంత తీగలు. అయిదు వాల్వులు సరిగ్గా వెలిగితే రేడియో పలుకుతుంది. అవి పగలకుండా గుడ్డపేలికల్లో చుట్టే పని నాది. పాత చీరలు, లుంగీలు, రవికెగుడ్డలు, ఏది చేతికి దొరికితే అది చించి చుట్టేదాన్ని.

మొహిద్దీన్ దగ్గర ఒక రేడియో ఉండేది. గనుల బంగళా నుంచి పాపన్న మోసుకొచ్చి ఇచ్చింది. నాలుగు వాల్వులు ఉన్నాయి, అయిదోది లేదు. దాని కోసం అతను రెండేళ్ళు బెంగుళూరు దాకా తిరిగాడు. చివరికి వినాయక చవితి అయిన వారంలో మన సంతలోనే, తుప్పు పట్టిన తాళాల కింద, మా ఆయనకు దొరికింది. దసరా తర్వాత ఆదివారం రేడియో తీసుకుని రమ్మని, ఇక్కడే బిగిద్దామని కార్డు రాశాడు.

ఆయుధపూజ రోజు పొద్దున్నే మా ఆయన మిల్లుకు పోతూ మన పెట్టెకు కూడా ఇంత బొట్టు పెట్టమని చెప్పి వెళ్ళాడు. నేను మూత తీశాను. వాల్వులన్నీ దుమ్ము, కొన్నింటి మీద తెల్లగా ఏదో అంటుకుని ఉంది. ఇంత మురికి మీద పసుపు ఎలా పెట్టేదని, సబ్బునీళ్ళలో గుడ్డ ముంచి పిండి ఒక్కొక్కటీ తుడిచాను. తెల్లది విభూతిలా చటుక్కున వచ్చేసింది. ముప్పై నాలుగు వాల్వులు. ఏ గుడ్డలోదాన్ని ఆ గుడ్డ మీదే కూర్చోబెట్టి, అన్నింటికీ పసుపు కుంకుమ పెట్టి, ఒక్కో బంతిపువ్వు వేశాను. నా చేతిపని నాకే ముచ్చటేసింది.

మధ్యాహ్నం మా ఆయన వచ్చి చూసి చెప్పులు కూడా విడవలేదు. ఒకటి తీసి వాకిలి వెలుతురుకు పెట్టాడు. ఇంకొకటి. ఇంకొకటి.

"నంబర్లు యాడికి పోయినాయే?"

"యా నంబర్లు?"

"గాజు మీద తెల్లగా రాసుంటాది గదా."

"అది మురికి అనుకున్యా."

నాకు చదువు రెండో తరగతితో సరి. అక్షరాలైతే గుర్తుపడతాను, ఇంగ్లీషు గీతలు నాకేం తెలుసు. మా ఆయన నన్ను తిట్టలేదు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నంబరు లేకపోతే అవి ఉత్త గాజుబుడ్డీలేనట. ఒకదాని బదులు ఇంకొకటి పెట్టి కరెంటు ఇస్తే మిగతా నాలుగూ కాలిపోవచ్చట. అన్నీ చెప్పి చివరకు అన్నాడు: "ఇవి నావి కాదే. ముగ్గురివి."

ఆ మాట నాకు గుచ్చుకుంది. రెండేళ్ళు తిరిగిన మనిషి ఆదివారం ఆశగా వస్తాడు. అతని వాల్వు నా ఇంట్లోనే ఉంది, ఏదో తెలియదు. ఎలుకలు పెట్టె పడేశాయని చెబుదామన్నాడు మా ఆయన. నా మీద మాట రాకూడదని ఆయన ఆలోచన.

"ఎలక తడిగుడ్డతో తుడిసి, బొట్టు గూడా పెట్టిందని సెప్తావా?" అన్నాను.

ఆదివారం పుంగనూరు బస్సులో మొహిద్దీన్ రేడియోను దుప్పట్లో చుట్టి ఒడిలో పెట్టుకుని వచ్చాడు. పాపన్న అప్పటికే వచ్చి ఉన్నాడు. వాళ్ళు మంచినీళ్ళు తాగకముందే జరిగింది చెప్పేశాను. పాపన్న పెట్టెలోకి తొంగిచూసి, అన్నింటినీ పెళ్ళికూతుళ్ళను చేశావు గదా వదినా అని నవ్వాడు. మొహిద్దీన్ నవ్వలేదు. "నాది యాడుండాది అక్కా?" అని మాత్రం అడిగాడు.

ముగ్గురూ కూర్చుని చూశారు. లోపలి రేకుల తీరు చూసి, కింద కాళ్ళు లెక్కబెట్టి, పన్నెండింటికి పేర్లు చెప్పగలిగారు. మిగతా ఇరవై రెండూ వాళ్ళ కళ్ళకు కూడా అక్కచెల్లెళ్ళే.

వక్కాకు పెట్టడానికి వచ్చిన నేను అక్కడే కూర్చున్నాను. నీలంగళ్ళ లుంగీ గుడ్డలోది చేతిలోకి తీసుకుని, ఇది పాపన్న వానలో తడిసి వచ్చినప్పటిది అన్నాను. ఆ పొద్దు బొరుగులు తాలింపు వేశాను, అతను మిరపకాయలు ఏరి పక్కన పెట్టాడు. మూడో నాడు మా ఆవు ఈనింది.

పాపన్న నిటారుగా కూర్చున్నాడు. "అది బంగారుపేట బడి రేడియోలోది అన్నా. అవును, ఆ పొద్దు తడిసినా." నంబరు కూడా అన్నాడు. మా ఆయన తీగ దించి ఆ నెల కార్డు వెతికాడు. అదే నంబరు ఉంది.

అప్పుడు మొహిద్దీన్ నా వైపు తిరిగాడు. తనది చెప్పమన్నాడు.

అది ఆకుపచ్చ రవికెగుడ్డలో చుట్టాను, అది బాగా గుర్తు. కానీ ఆకుపచ్చ గుడ్డలు రెండున్నాయి. ఒకే రవికెగుడ్డ చించినవే. రెండోదాంట్లో శ్రావణమాసంలో పాపన్న ఇచ్చిన వాల్వు. రెండు వాల్వులూ ఒకే ఎత్తు. నేను రెండు గుడ్డలనూ తొడ మీద పరిచి చూశాను. ఒకదానికి ఒక పక్క గట్టి అంచు ఉంది, రెండోదానికి రెండు పక్కలా పోగులే. గుడ్డ చించేటప్పుడు నేను అంచు వైపు నుంచి మొదలుపెడతాను, మా అమ్మా అంతే. కాబట్టి అంచు ఉన్నది ముందు చించింది, శ్రావణంలోది. చవితి తర్వాతది పోగులది. పోగులదాన్ని మొహిద్దీన్ ముందు పెట్టాను.

"గట్టిగా సెప్పక్కా. తప్పయితే నాలుగూ పోతాయి. మళ్ళా నా జన్మలో దొరకవు."

"గట్టిగా సెప్తే నీకు ధైర్యమొస్తాది గానీ నాకు రాదప్పా. గుర్తుండేది సెప్పినా. నీ సామాను, నీ ఇష్టం."

మా ఆయన వద్దన్నాడు. ఇంకో నెల ఆగుదాం, ఇంకొకటి దొరక్కపోతుందా అన్నాడు. మొహిద్దీన్ వాల్వు మీది బొట్టు చొక్కా కొసతో తుడవబోయి మానుకున్నాడు. అలాగే రేడియోలో బిగించాడు. వైరు మా ఇంటి ప్లగ్గులో పెట్టి, తనే స్విచ్చి వేశాడు.

వాల్వులు వెంటనే పలకవు, వేడెక్కాలి. వెనక అట్ట తీసే ఉంది. అయిదు బుడ్డీలూ అడుగున ఎర్రబడ్డాయి. వాసన ఏమైనా వస్తుందేమోనని మా ఆయన ముక్కు దగ్గరగా పెట్టాడు. గుర్రుమంది, గరగరమంది, తర్వాత ఆడమనిషి గొంతు, కన్నడంలో, రాగి పైరు గురించో దేని గురించో చెబుతూ. బెంగుళూరు స్టేషన్ అన్నాడు పాపన్న.

మొహిద్దీన్ కాసేపే విన్నాడు. చప్పుడు తగ్గించి, పెట్టెలోంచి నల్లగుడ్డ చుట్టిన వాల్వు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది సెప్పక్కా."

ఇంకా పందొమ్మిది ఉన్నాయి. మా ఆయన కాగితం ముక్కలు చించి మైదాపిండి ఉడికించుకున్నాడు. నేను ఏ పొద్దుదో చెప్పడం, వాళ్ళు నంబరు గుర్తు చేసుకోవడం, కార్డుతో సరిచూసి అంటించడం. పాపన్న కుప్పం బస్సుకు పోయేలోపల పదహారింటికి పేర్లు పెట్టాము. మూడింటి సంగతి నాకు గుర్తు రాలేదు. రాలేదనే చెప్పాను.