పాట ముగియకముందే

ఆ ఫొటోలో దుప్పటి మొత్తం కనిపించదు. ఒక మూల మడిచి ప్లాస్టిక్ కుర్చీ చేతిమీద వేసి తీశారు. వెనక గోడమీది క్యాలెండర్ కూడా సగం పడింది. అయినా హైమవతికి ఆ మూల చాలు. తెల్లనూలు లేసు అంచు, దాని పొడవునా గుండ్రటి చుట్లు, ఒక్కో చుట్టు నడుమ శనగగింజంత ముడి.

కంప్యూటర్ ముందు నుంచి లేవకుండానే పిలిచింది. "ఏమండీ, ఒకసారి ఇలా రండి. ఇది మా అమ్మమ్మ చేపకన్ను."

పరబ్రహ్మం స్నానానికి వెళ్తున్నవాడు తువ్వాలు భుజాన వేసుకునే వచ్చి, కళ్లజోడు లేకుండా తెరమీదికి వంగాడు.

"కన్నూ లేదు, చేపా లేదు. దుప్పటిలా ఉంది."

"దుప్పటే. అంచు చూడండి."

పాలకొల్లులో అమ్మమ్మ వేసే అల్లిక అది. చుట్టుకీ చుట్టుకీ మధ్య దారం తెంపకుండా, వెనకనుంచి ఎలాగో తిప్పి ముడి నిలబెట్టేది. అల్లిందల్లా లేసు వ్యాపారి పట్టుకుపోయేవాడు కాబట్టి ఇంట్లో ఒక్క ముక్క కూడా మిగల్లేదు. 'డిగ్రీ పరీక్షలవనీ, నేర్పుతాను' అంది అమ్మమ్మ. పరీక్షలు కాకముందే ఆవిడ పోయింది. ఆ తర్వాత హైమవతి ఎన్నిసార్లు వేసినా చుట్టు మూతి ముడుచుకునేది. తల్లికీ రాదు, పిన్నులకీ రాదు. ఆ ముడి వేసే చెయ్యి లోకంలో ఇంకెక్కడైనా ఉందో లేదో కూడా ఆమెకు తెలియదు.

సైదాబాద్‌లోని ఆ ఇంట్లోకి బ్రాడ్‌బ్యాండ్ వచ్చి ఏడాది కాలేదు. పాత రేడియోల పిచ్చితో పరబ్రహ్మమే ఈ వేలంపాటల సైటు పట్టుకున్నాడు. ఇప్పుడు ఆమెకు కూడా మధ్యాహ్నాలు అందులో తిరగడం అలవాటైంది. దుప్పటికి అప్పటికే ముగ్గురు పాట పెట్టారు. ఆదివారం సాయంత్రంతో ముగుస్తుంది.

"ఆదివారం దాకా కూర్చుంటే నీకు రాదు" అన్నాడు పరబ్రహ్మం, ఇలాగే ఒక రేడియో పోగొట్టుకున్న అనుభవంతో. "చివరి నిమిషంలో ఎవడో ఎగరేసుకుపోతాడు. అమ్మేవాళ్లకి రాసెయ్. ఇంతిస్తాను, పాట ఇప్పుడే ఆపెయ్యండి అని."

"అలా అడగొచ్చా?"

"అడగడానికేముందోయ్? ఇష్టమైతే ఇస్తారు, లేకపోతే లేదంటారు."

ఆ 'లేదంటారు' దగ్గరే హైమవతి చాలాసేపు ఆగింది. ముందు అమ్మమ్మ సంగతంతా రాసింది. చదువుకుని తుడిచేసింది. చచ్చిపోయినావిడను ముందు నిలబెట్టి అడిగితే అవతలి మనిషికి కాదనడానికి నోరెలా పెగులుతుంది? చివరికి నాలుగు ముక్కలే మిగిల్చింది: తను ఇవ్వగలిగిన ధర, వీలైతే పాట ముందే ముగించమన్న మాట, వీలుకాకపోతే అందరితోపాటే పాడతానన్న మాట, నమస్కారం.

జవాబు ఆ సాయంత్రమే వచ్చింది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "మేడమ్, ఇప్పటికే ముగ్గురు పాడిన్రు. నడుమల ఆపితే మంచిగుండది. ఏమనుకోకున్రి. చూస్తానంటే ఇంటికి రండి, గౌలిపుర. పగలు మా అత్తమ్మ ఉంటది." కింద పేరు స్వరూప. ఇంటికొచ్చి చూసుకోవచ్చన్న మాట ప్రకటనలోనూ ఉంది, అందరికోసం.

మర్యాదగా అడిగింది, మర్యాదగా కాదన్నారు. అక్కడితో అయిపోవలసింది. హైమవతి కూడా అలాగే అనుకుంది, గురువారం దాకా. గురువారం చూస్తే పాడేవాళ్లు పెరిగారు, ధర పెరిగింది. శుక్రవారం పొద్దున పరబ్రహ్మం కంచన్‌బాగ్ బస్సెక్కగానే ఆమె చీర మార్చుకుని ఆటో పిలిచింది. చూడ్డానికే కదా అనుకుంది. స్వరూప పగలు ఇంట్లో ఉండదన్న సంగతి ఆమెకు గుర్తుంది. దాని గురించి ఆలోచించకుండా ఉండటానికి దారిపొడవునా దుకాణాల బోర్డులు చదువుకుంది.

గౌలిపురలో ఆ ఇల్లు రెండు గదులు, ముందొక రేకుల వసారా. వసారాలో లుంగీ కట్టుకున్న పెద్దాయన టేబుల్ ఫ్యాను విప్పి స్క్రూలన్నీ పళ్లెంలో పోసుకున్నాడు. ఆయన మొగులయ్య, స్వరూప మామగారు. గుమ్మంలోకి వచ్చిన ఆవిడ ఆగమ్మ, అత్తగారు.

"లోపటికి రా బిడ్డా, ఎండల నిలబడ్డవేంది? దుప్పటి కోసమేనా? మస్తుమంది ఫోన్లు జేస్తున్రు గని ఇంటి దాంక వచ్చింది నువ్వే."

"మీ సారు ఏం జేస్తరు?" అన్నాడు మొగులయ్య, స్క్రూడ్రైవర్ దించకుండానే.

"కంచన్‌బాగ్‌లో ల్యాబ్ అండీ."

"గట్లనా! నేను గాడనే, పక్క ఫ్యాక్టరీల ఫర్నేసు కాడ జేసిన. మీ సారోళ్ల బస్సు రోజు జూస్తుంటి. కిటికీలకెల్లి ఒక్కడన్న నవ్వేటోడు కాదు."

"ఊకో. వచ్చీరాంగనే నీ బస్సు ముచ్చట" అని ఆగమ్మ టీ తెచ్చింది. హైమవతి ఇప్పుడే తాగి వచ్చానంది. "తాగితే తాగినవ్. మా ఇంట్ల తాగలే గద" అని కప్పు చేతిలో పెట్టింది.

టీ అయ్యాక సందుగలోంచి దుప్పటి తీసి మంచంమీద పరిచింది. మిషన్ దవాఖానాలో పెద్ద నర్సు నాగమణమ్మ ఇచ్చిందట, ఆగమ్మకు పెద్దకొడుకు పుట్టినప్పుడు.

"ఆమెది గోదావరి దిక్కు. పరుచుకోను మనసొప్పక దాచిన. దాచి దాచి పురుగువడుతది. ఎవరన్న మనసువడ్డోళ్లు పరుచుకోనీ అత్తమ్మా అన్నది నా కోడలు. నిజమే గద?"

హైమవతి వినడం లేదు. అంచు వేళ్లమీద వేసుకుంది. అమ్మమ్మ ముడే. ముందువైపు స్పష్టంగా ఉంది. ఎన్నాళ్లుగానో తెలియంది వెనకవైపు. తిప్పి చూసింది. వెనక అంచు పొడవునా ఎవరో మల్లుగుడ్డ వేసి సన్నగా కుట్టేశారు. దారం ఎటు తిరిగిందో ఆ గుడ్డ కింద ఉంది.

ఇది తనదైతే తప్ప ఆ గుడ్డ విప్పడానికి లేదు. ఆ మాట అనిపించిన వెంటనే నోరు దానంతటదే తెరుచుకుంది.

"అమ్మా, ఒక మాట అడుగుతాను. ఈ పాట ఆపించి ఇది నాకే ఇప్పించండి. మా అమ్మమ్మ వేసేదిది. ఆవిడ లేదు, నేర్పేవాళ్లూ లేరు. మీరెంతంటే అంతిస్తాను."

ఆగమ్మ మొగులయ్య వైపు చూసింది. మొగులయ్య ఫ్యాను వైపు చూశాడు. దుప్పటి మడత సర్దుతున్న ఆగమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం హైమవతి చూసింది. చూసి కూడా ఊరుకుంది.

"ఇంటికొచ్చిన ఆడిబిడ్డవు" అంది ఆగమ్మ. "నోరు దెరిచి అడిగినంక కాదని ఎట్లంట? తీస్కపో." దుప్పటి మడిచి, పాత పేపర్లో చుట్టి హైమవతి ఒళ్లో పెట్టింది.

"కోడలు గా కంప్యూటర్ల పాట వెట్టింది గదనే" అన్నాడు మొగులయ్య మెల్లగా. "ఆమెకు జెప్పద్దా?"

"నువ్వే జెప్పు, ఫోనుంది గద."

మొగులయ్య చేతులు తుడుచుకుని సెల్‌ఫోన్ తీశాడు. కోడలు చంపాపేటలో ఫొటో స్టూడియోలో పనిచేస్తుంది. "స్వరూపా, గదే, దుప్పటి. మీ అత్త ఇచ్చేసిందమ్మా. ఆఁ, మేడమ్ ఇంటికే వచ్చిన్రు. అయిదుగురా? ముగ్గురే అంటివి గద? ఆఁ. ఆఁ." తర్వాత ఆయన వింటూ పళ్లెంలోని స్క్రూలు వేలితో ఒక పక్కకు జరిపాడు. అవతలి గొంతు పెద్దదేమీ కాలేదు. ఆయన ఫోను పక్కకు తీసి చెప్పాడు. "సరే అంటుంది. లొల్లి ఏం లేదు. కాకపోతే చుక్కలు వోతయంటుంది. చుక్కలేందో నాకు తెల్వదు."

హైమవతికి తెలుసు. అమ్మేవాళ్ల పేరు పక్కన కొన్నవాళ్లు పెట్టే చుక్కలవి. పాట నడుస్తుండగా వస్తువు వెనక్కి తీస్తే పాడినవాళ్లు ఊరుకోరు, ఫిర్యాదు రాస్తారు. స్వరూప తన ఇంటివే కాక గౌలిపురలో ఇరుగుపొరుగు వస్తువులు కూడా అమ్మి పెడుతోంది. ఆ పేరు పక్కన నిండుగా ఉన్న చుక్కలు చూసే కదా తను ధైర్యంగా రాసింది.

తను అడిగితే ఆగమ్మ కాదనలేకపోయింది. ఆగమ్మ ఇచ్చేసిందంటే స్వరూప కాదనలేకపోయింది. ఆ అయిదుగురినైతే ఎవరూ అడగనే లేదు. ఒళ్లో పేపరు పొట్లం ఒక్కసారిగా బరువైనట్టనిపించింది.

"ఫోను ఒకసారి ఇస్తారా?" అంది. "స్వరూపగారూ, నేను హైమవతిని."

"చెప్పున్రి మేడమ్."

"మీరు వద్దన్నాక నేనిలా వచ్చి..."

"మేడమ్, మీరు మెసేజ్‌ల మంచిగ అడిగిన్రు. నేను వద్దనగలిగిన. మా అత్తమ్మను అడిగితె ఆమె వద్దనదు. ఎవ్వలు అడిగినా వద్దనదు. గది మీకు ఎర్కలేదా?" కోపం లేదు గొంతులో. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"తెలుసు" అంది హైమవతి. "తెలిసే అడిగాను. పాట ఆపకండి. దుప్పటి ఇక్కడే ఉంచి వెళ్తున్నాను."

ఫోను ఇచ్చేసి పొట్లం మంచంమీద పెట్టింది. ఇప్పుడు ఆగమ్మ ముఖం మాడిపోయింది.

"ఇదేంది బిడ్డా? ఇచ్చింది మల్ల వాపస్ ఇస్తరా ఎవరన్న? మా చేతిది తీస్కోవా?"

ఏదో ఒక అబద్ధం చెప్పి బయటపడొచ్చు. ధర కుదరలేదనొచ్చు, ఆయన్నడగాలనొచ్చు. హైమవతి ఆవిడ పక్కనే మంచంమీద కూర్చుంది.

"మీరివ్వడం తప్పు కాదమ్మా. నేనడగడమే బాగాలేదు. మీ కోడల్ని ముందే అడిగాను. వద్దంది. ఆ సంగతి మీకు చెప్పకుండా మిమ్మల్ని అడిగాను."

ఆగమ్మ ఆమె ముఖంలోకి కాసేపు చూసి, పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "అబ్బో! కోడలు వద్దంటె అత్తను వట్టినవా! నా చిన్నోడు గిట్లనే జేస్తుండె. బాపు వద్దన్నడంటె నా తానికి ఉరుకుతుండె. ఇన్నవా, నీ ల్యాబు సారు పెండ్లాం పని!"

"నువ్వెప్పుడు వద్దన్నవ్ గనక" అన్నాడు మొగులయ్య స్క్రూలు ఏరుకుంటూ.

హైమవతికీ నవ్వొచ్చింది, కానీ సిగ్గు పోలేదు. లేవబోతుంటే ఆగమ్మ చెయ్యి పట్టుకుంది. "కూసో. జూసేటందుకు ఎవలన్న రావొచ్చని రాసిందట గద నా కోడలు. జూస్కపో. తిప్పి తిప్పి జూస్తివి, గా ఎనక గుడ్డ ఇప్పాల్నా? ఇప్పు. నేను మల్ల కుట్టుకుంట."

బ్లేడు కూడా తెచ్చి ఇచ్చింది. రెండు వేళ్ల మేర విప్పితే చాలు, అమ్మమ్మ చెయ్యి కనిపిస్తుంది. హైమవతి బ్లేడు తీసుకుని, అది చుట్టి ఉన్న కాగితానికి ఇంకో మడత వేసి తిరిగిచ్చేసింది.

"ఫొటోలో ఎలా ఉందో అలా వస్తుందనుకుని వాళ్లు పాడుతున్నారమ్మా."

"నీ చాదస్తం నువ్వూ" అంది ఆగమ్మ. బ్లేడు గూట్లో పెట్టేసింది.

సంచిలో ఎప్పుడూ ఉండే లేసు సూదీ దారం తీసి, కిటికీ దగ్గర కూర్చుని, ముందువైపు చూస్తూ ఒక చుట్టు అల్లింది. ముడి ఇదివరకటికన్నా నిటారుగా నిలబడింది. మూతి మాత్రం మళ్లీ ముడుచుకుంది. వెనకేదో ఉంది. ఆ ముక్క సంచిలో వేసుకుని, ఆగమ్మ కట్టిచ్చిన కరివేపాకు కూడా వేసుకుని ఇంటికొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం తను పెట్టగలిగినంత ఒక్కసారే పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. చివరి నిమిషాల్లో పరబ్రహ్మమే తెర ముందు కూర్చుని, ఇంకొంచెం పెంచమంటావా, ఇంకొంచెం, అని కేకలు వేశాడు. ఆమె వద్దంది. కాసేపటికి కేకలు ఆగిపోయాయి.

"పోయింది హైమా. ఎవరో పుణే వాళ్లట."

ఊఁ అంది. కుక్కర్ దించి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడొచ్చి చూసింది. తన పేరుకి పైన ఇంకెవరిదో పేరుంది. వెనక్కి వెళ్లి కంచాలు పెట్టింది.

భోజనాలయ్యాక స్వరూప నుంచి మెసేజ్ వచ్చింది. "మేడమ్, మీకు రాలేదు. ఫికర్ చేయకున్రి. అత్తమ్మ అడుగమంటుంది, ముడి కుదిరిందా అని. పార్సిల్ బుధవారం పంపుత. అప్పటిదాంక దుప్పటి ఇంట్లనే ఉంటది. ఇప్పుడు గుడ్డ విప్పి చూస్తానన్నా మాకేం లేదు."

పరబ్రహ్మం భుజంమీంచి చదివాడు. "ఇంకేం! వాళ్లే పిలుస్తున్నారు. రేపే వెళ్లిరా."

"ఇప్పుడది వాళ్లది కాదుగా."

"రెండు వేళ్ల గుడ్డ, హైమా. పుణేలో ఎవరికి తెలుస్తుంది?"

ఆమె కుర్చీ ముందుకి లాక్కుని రాయడం మొదలుపెట్టింది. 'స్వరూపగారూ, ముడి కుదరలేదని అత్తమ్మగారికి చెప్పండి. దుప్పటి గెలుచుకున్నవాళ్లకి నా తరఫున ఒక మాట రాయగలరా? అంచు వెనక గుడ్డ రెండు వేళ్ల మేర విప్పి చూసి, ఎలా ఉందో అలా మళ్లీ కుట్టిస్తాను. అల్లిక నేర్చుకోవడానికి.' అమ్మమ్మ అని టైపు చేసింది. అక్కడ ఆగి, ఒక్కో అక్షరమే వెనక్కి తుడిచేసింది.

'వాళ్లకి ఇష్టం లేకపోతే విప్పను' అని రాసింది. మళ్లీ చదువుకుంటే అది చాలదనిపించింది. 'వద్దంటే ఏమీ అనుకోనని కూడా తప్పకుండా రాయండి. మీకు ఇలా రాయడం ఇబ్బందైతే మీరు కూడా వద్దనండి.'

పంపేసి, తెరమీద జవాబు కోసం చూస్తూ కూర్చోలేదు. సంచిలోంచి శుక్రవారం ముక్క తీసి, మూతి ముడుచుకున్న ఆ చుట్టును దారం చివర పట్టుకుని మెల్లగా విప్పసాగింది.