ఆరో బెజ్జం

నేనొక బల్లను. బల్లే కదా అని దాటిపోకండి. నా మీద ఎవరూ అన్నం తినలేదు, ఎవరూ చేతులాన్చుకుని కునుకు తీయలేదు. నేను లెక్క చేసే బల్లను. అదీ కాగితం, కలం లేకుండా, దారాలతో, ఇనప నట్టులతో. నా చేత ఒకే ఒక్క అబద్ధం చెప్పించారు. ముప్పై ఏళ్ళు దాటినా ఆ ఒళ్ళుమంట తగ్గలేదు.

నన్ను చేసింది బమ్మిడి అప్పన్న అనే వడ్రంగి. చేయించింది పాలిటెక్నిక్ కాలేజీలో లెక్కలు చెప్పే పొట్నూరు జగన్నాయకులు మాష్టారు. అప్పట్లో మండలానికి ఒక ఆరోగ్య కేంద్రం మంజూరైంది. మాకు కావాలంటే మాకు కావాలని ఐదు ఊళ్ళు తగువు పడుతున్నాయి. ఎక్కడ పెట్టాలో శాస్త్రం ప్రకారం తేల్చి చెప్పమని మండలాఫీసు వాళ్ళు మాష్టారిని అడిగారు. ఆయన సరదాపడి నన్ను చేయించారు.

నా మీద మండలం పటం అతికించి, ఊరున్న చోటల్లా అప్పన్న బరమాతో ఒక బెజ్జం వేశాడు. ఒక్కో బెజ్జంలోంచి ఒక దారం కిందికి దిగుతుంది. పది గడపలకు ఒక నట్టు చొప్పున దాని కొసకు వేలాడదీస్తారు. పైకొసలన్నీ కలిపి ఒక ఇత్తడి ఉంగరానికి కడతారు. ఇక ఉంగరాన్ని వదిలేయడమే. ఊళ్ళన్నీ తలా ఒక పక్కకు లాగుతాయి. అది కాసేపు అటూ ఇటూ ఊగి ఒకచోట ఆగుతుంది. జనమందరి నడకా కలిపి చూస్తే ఎక్కడ అతి తక్కువో, అదే ఆ చోటు. కాగితం మీద ఈ లెక్క తేలడానికి మాష్టారికి మూడు పేజీలు పట్టింది. నాకు మూడు క్షణాలు చాలు. గొప్పలు పోతున్నాననుకోకండి, ఉన్నమాట.

మనుషులతో వచ్చిన తంటా ఏమిటంటే, లెక్క బాగానే చేయిస్తారు. లెక్కలోకి ఏం పంపిస్తున్నారో మాత్రం చూసుకోరు. ఆ తర్వాత లెక్కే చెప్పింది కదా అని చేతులు దులుపుకుంటారు.

తేల్చే రోజున నన్ను మండలాఫీసు వరండాలో పెట్టారు. గుమాస్తా రిజిస్టరు చూసి గడపలు చదువుతుంటే మాష్టారు నట్టులు కట్టారు. మిగతా నాలుగు ఊళ్ళకూ కలిపి ముప్పై నట్టులు. కొత్తపేట ఒక్కదానికే ముప్పై ఐదు. ఉంగరం వదిలితే ఊగను కూడా ఊగలేదు. సర్రున కొత్తపేట బెజ్జం దగ్గరికి పోయి కూలబడింది. మండలాధ్యక్షుడు ముద్దాడ అప్పలస్వామి నాయుడిది కొత్తపేటే. ఆయన మొహం చూడాలి అప్పుడు.

"నానేటీ అన్లేదు. సైన్సే సెప్పింది" అన్నాడు. అక్కడికక్కడే తీర్మానం రాయించాడు, అందరూ సంతకాలు పెట్టారు.

అప్పుడొచ్చింది నేరేడువలస మంత్రసాని సీదరి పెంటమ్మ. చూడటానికని పొద్దుటే బయల్దేరి కొండ దాటి వచ్చింది. ఆవిడ కోడలికి ఏడో నెల. మొదటి కాన్పులో బిడ్డ అడ్డం తిరిగి దక్కలేదట. వలసలో పిల్లలందరూ తన చేతుల్లోనే పుట్టారనీ, ఈ కోడలికి మాత్రం తన చేతులు చాలవనీ వరండాలో కనిపించిన వాళ్ళందరికీ చెప్పింది. ఆసుపత్రి కాస్త దగ్గరకొస్తే చాలనుకుంటూ నా చుట్టూ రెండుసార్లు తిరిగింది. తమ వలస ఏదని మాష్టారిని అడిగింది.

"మీది కొత్తపేట శివారమ్మా. కొత్తపేటలోనే కలిపేశాం."

"కలిపీసినారా? మరైతే మద్దినున్న కొండనేటి సేసినారు బాబూ?"

మాష్టారు రిజిస్టరు లాక్కుని చూశారు. "కొత్తపేట, శివారుతో కలిపి, మూడు వందల యాభై" అని ఉంది. శివారు అన్న ఆ మూడక్షరాల చాటున రెండు వందల పది గడపలున్నాయి, కొండకు అవతల, పదకొండు కిలోమీటర్ల దూరంలో. వాళ్ళ నట్టులు ఇరవై ఒకటి. అవి వేలాడింది కొత్తపేట బెజ్జంలో. నేరేడువలసకు నా మీద బెజ్జమే లేదు. ఎంత దారుణమో చూడండి! వాళ్ళ బరువుతోనే ఆసుపత్రిని వాళ్ళకు దూరంగా ఈడ్చారు. ఈడ్పించింది నా చేత.

మాష్టారు నాయుడి చెవిలో ఏదో చెప్పబోయారు. సంతకాలయిపోనాయి కద మాష్టారూ, అని నాయుడు నవ్వి లేచిపోయాడు. అప్పన్న బరమా అక్కడే ఉంది. ఆరో బెజ్జం వేయడం అర నిమిషం పని. మాష్టారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. తప్పని తెలిసీ అలా ఊరుకున్నది చాలా మంచి మనిషి. అందుకే నాకు నాయుడి మీద కంటే ఆయన మీదే ఎక్కువ కోపం.

వారం తిరక్కుండానే కొత్తపేటలో ఒక అద్దింట్లో ఆరోగ్య కేంద్రం మొదలైంది. ఆ తర్వాత రెండు నెలలకు పెంటమ్మ కోడలిని డోలీలో మోసుకొస్తుంటే కొండ మీదే నొప్పులు ముదిరాయి. తల్లి దక్కింది. ఈసారీ బిడ్డ దక్కలేదు.

ఆ కబురు విన్న రోజున మాష్టారు కాలేజీ గదిలో తలుపు వేసుకుని తానే బరమా పట్టారు. అలవాటు లేని చెయ్యి, బెజ్జం వంకరగా వచ్చింది. అయినా నాకు హాయిగా ఉంది. ఇరవై ఒక్క నట్టులు అందులోకి మార్చి ఉంగరం వదిలారు. అది కొత్తపేటను వదిలి కదిలి, కొండ వారనున్న జీడితోపు కూడలి దగ్గర ఆగింది. ఇంకా అద్దిల్లే కాబట్టి మార్చవచ్చని మాష్టారు పైవాళ్ళకు రాశారు. జవాబు వచ్చింది: మీ సాధనమే ఇదివరకు స్థలం నిర్ణయించినందున మరల పరిశీలించనవసరం లేదు. నా సాక్ష్యమే నాకు అడ్డం పెట్టారు! కొత్తపేటలో పునాది తీశారు.

ఆ తర్వాత నేను స్టోర్ రూములో బూజు పట్టాను. కిందటేడు కాలేజీ వాళ్ళు తమ పాత వస్తువులన్నీ ఒక గదిలో ప్రదర్శనకు పెట్టారు. నన్ను గీకి, వార్నిషు కొట్టారు. పాత డ్రాయింగులో ఐదే బెజ్జాలున్నాయని ఆరోదాన్ని లప్పంతో పూడ్చేశారు. దాని ఇరవై ఒక్క నట్టులూ తిరిగి కొత్తపేట దారానికే కట్టి, ముందు ఒక అట్ట నిలబెట్టారు: "కొత్తపేట ఆరోగ్య కేంద్రం స్థలాన్ని శాస్త్రీయంగా నిర్ణయించిన సాధనం". గది సర్దడానికొచ్చి చదివిన ప్రతివాడూ ఆహా అనేవాడు. నాకు నోరుంటే ఏం తిట్టేదాన్నో!

ప్రారంభానికి మాష్టారినే పిలిచారు. ఎనభై దాటాయి, చేతికర్ర పట్టుకుని వచ్చారు. శాలువా కప్పించుకుని, నా దగ్గరికి వచ్చి, వేలితో తడిమి లప్పం దగ్గర ఆగారు. జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి తవ్వడం మొదలుపెట్టారు. అయ్యో పాడవుతుందండీ అని ప్రిన్సిపాలు చెయ్యి పట్టుకోబోయాడు.

"మిగతా అయిదూ రిజిస్టరు చూసి వేయించాను" అన్నారు మాష్టారు. "ఇదొక్కటే మనుషుల్ని చూసి వేశాను. అదీ ఆలస్యంగా."

దారం అడిగి తీసుకుని, కొత్తపేట దారం నుంచి ఇరవై ఒక్క నట్టులు పైకి లెక్కపెట్టి విప్పి దీనికి కట్టారు. ఉంగరం వదిలారు. అది కొత్తపేటను వదిలి, నెమ్మదిగా జారి, జీడితోపు కూడలి దగ్గర ఆగింది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఉంగరం కదిలిందని. ఆసుపత్రి ఇంకా కొత్తపేటలోనే ఉందని వాళ్ళలో ఒక్కరికీ గుర్తురాలేదు.