కియిక్ మందకు చాలని గడి

అర్కలిక్ పట్నంలోని వన్యప్రాణి సంరక్షణ కార్యాలయంలో కాగితపు ఫారాలకు నూకలు చెల్లాయి. మైదానంలో తిరిగే కావలివాళ్లు పంపే ఆ కాగితాలు వానకు తడిసి, టీ మరకలు పడి, అంకె ఏదో గీత ఏదో తెలియకుండా వచ్చేవి. ఇకమీదట అన్నీ ట్యాబ్‌లోనే నింపాలన్నారు. ఆ ఫారాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఎంచే పని అక్కడి ఉద్యోగిని కొర్లన్ మీద పడింది.

వడపోతలో రెండు మిగిలాయి. ఒకదాని పేరు తునిక్, రెండోదాని పేరు తబన్. తునిక్ చూడముచ్చటగా ఉంటుంది. ఒక గడి నింపగానే తర్వాతి గడి దానంతటదే ముందుకొస్తుంది. తబన్‌కు ఆ సోకులేవీ లేవు. బూడిదరంగు మొహం, ఇటుకలు పేర్చినట్టు గడులు. కొర్లన్ మనసు తునిక్ మీదే ఉంది. రెండింటిలోనూ ఒకే ఫారం తయారుచేసి డైరెక్టర్ తెమిర్బెక్‌కు చూపించింది. ఇక్కడ కాదు, మైదానంలో వాడి చూసి రమ్మన్నాడాయన. మే నెల, కియిక్ జింకలు ఈనే రోజులు.

తోడు వెళ్లినవాడు సబిర్. ముప్పై ఏళ్లుగా ఆ గడ్డిమైదానాన్ని కాస్తున్న మనిషి. చిన్నాపెద్దా అందరూ అతన్ని 'ఆగా' అని, అంటే అన్నా అని పిలుస్తారు. ఎండబెట్టిన పెరుగుండ బుగ్గన పెట్టుకుని, జీపు తోలుతూ దారి పొడుగునా ఆమెను ఆటపట్టించాడు.

"రెండు బొమ్మల్లో ఒకటి ఎంచడానికి నా నడుము విరగ్గొట్టాలా తల్లీ? పట్నంలో బొమ్మాబొరుసూ వేసుకుంటే పోయేదిగా."

సాయంత్రానికి ఫోను సిగ్నల్ పూర్తిగా పోయింది. గుడారం వేశాక కొర్లన్ తునిక్ తెరిచి అతని చేతికిచ్చింది. అతను వేలు ఆనించాడో లేదో తేదీ, వేళ, వాళ్లు నిలబడిన చోటు అన్నీ గడుల్లో వచ్చి కూర్చున్నాయి. సబిర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"సిగ్నలే లేదుగా. మనం ఎక్కడున్నామో దీనికెవరు చెప్పారు?"

పైన తిరిగే ఉపగ్రహాల సంగతి ఆమె చెప్పింది. అతను ఆకాశం వంక చాలాసేపు చూశాడు. "మా నాన్న చుక్కల్ని చూసి దారి పట్టేవాడు. ఇదీ పైకే చూస్తోందన్నమాట" అన్నాడు మెల్లగా.

తబన్‌కూ ఆ విద్య వచ్చు గానీ, మీట నొక్కి అడగాలి. "ఇది మా అత్తగారి బాపతు. బతిమాలితేగానీ నోరిప్పదు" అని దాన్ని పక్కన పెట్టేశాడు. సరే, తునిక్కే ఖాయమనుకుంది కొర్లన్.

తెల్లవారుతుండగా ఇద్దరూ ఓ మిట్ట మీదికి పాకి బోర్లా పడుకున్నారు. కింద నేల కదులుతోందనుకుంది కొర్లన్. మంచు కాస్త పలచబడ్డాక తెలిసింది, అది నేల కాదు. కియిక్‌లు. కనుచూపు మేర కియిక్‌లే. వేలాడే ముక్కులు ఊపుకుంటూ తల్లులు పిల్లల్ని పిలుస్తున్నాయి. ఆ గొణుగుడు చెవులకన్నా ముందు పొట్ట కింది మట్టిలోంచి తెలుస్తోంది. పది అడుగుల దూరంలో ఇంకా తడి ఆరని పిల్ల ఒకటి నాలుగు కాళ్లూ నాలుగు వైపులకు జారుతుంటే లేచి నిలబడింది. పడింది. మళ్లీ నిలబడింది. కొర్లన్ తను వచ్చిన పనే మరిచిపోయింది.

పక్కన సబిర్ బుగ్గలు తడిగా ఉన్నాయి. "అవి రోగమొచ్చి కుప్పలుగా పడిపోయిన ఏడాది నేనిక్కడే ఉన్నాను. ఇక నా కళ్లతో మందను చూడననుకున్నాను" అన్నాడు.

కాసేపటికి ఆమె తునిక్ తెరిచింది. 'ఎన్ని?' అన్న గడి దగ్గర ఆగిపోయింది. పాత కాగితాల్లో వందలు దాటిన లెక్క ఎక్కడా కనబడలేదని ఆ గడికి మూడంకెలే పట్టేలా తనే కట్టడి పెట్టింది. నాలుగో అంకె వేస్తే ఎర్రబడుతోంది, ఖాళీగా వదిలితే ముందుకు కదలనివ్వడం లేదు. ఫారం మార్చాలంటే పట్నానికి, సిగ్నల్‌లోకి పోవాలి.

తబన్ తెరిచింది. అందులో ఫారాన్ని ఎక్కడైనా విప్పి మార్చుకోవచ్చు. మోచేతుల మీద ఆనుకునే ఉండి మూడంకెల కట్టడి తీసేసి, గడి కింద ఇంకో వరుస చేర్చింది: 'లెక్కకు అందడం లేదు.'

"మీరే నొక్కండి ఆగా."

సబిర్ బొటనవేలు కోటుకు తుడుచుకుని, నెమ్మదిగా నొక్కాడు.

తిరిగొచ్చాక తెమిర్బెక్ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. అందమైనదాన్ని వదిలి ఈ మొద్దుదాన్ని ఎందుకు ఎంచావని అడిగాడు. అక్కడ ఏం ఎదురవుతుందో ఇక్కడ కూర్చుని ఫారం రాసేవాళ్లకు తెలియదనీ, తనకూ తెలియలేదనీ, చూసినవాళ్లు చూసినచోటే మార్చుకోగలిగేది ఇదొక్కటేననీ కొర్లన్ చెప్పింది. ఆయన ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టాడు.

మరుసటి వసంతంలో కావలివాళ్లందరి చేతుల్లోకీ తబన్ వెళ్లింది. ఒక మధ్యాహ్నం వాళ్లు ఒక్కొక్కరే సిగ్నల్ అందే చోటికి వస్తున్నట్టున్నారు. కార్యాలయం గోడ మీది తెరపై, తొర్గై నది పొడవునా, ఉత్తరాన ఉప్పుమడుగుల దాకా వాళ్లు చూసిన ఒక్కో మందకూ ఒక్కో చుక్క పొడుస్తూ పోయింది. తెమిర్బెక్ టీ గిన్నె పట్టుకుని లేచి నిలబడ్డాడు. పక్క గదుల్లోవాళ్లు వచ్చి గుమ్మంలో ఆగారు. చుక్కలు ఇంకా వస్తూనే ఉన్నాయి.