అమ్మాయి కోసం మేకుల గన్ను

వడ్రంగి మేస్త్రి మేకులు కొట్టే గన్ను కొంటానన్నాడంటే విన్నవాడెవడూ నమ్మడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా సుత్తి పట్టిన చెయ్యి, వాటిని తిట్టిన నోరు. “తుపాకీ పట్టేవాడు సిపాయి అవుతాడు గానీ వడ్రంగి ఎలా అవుతాడ్రా!” అని తోటి పనివాళ్ళని ఏడిపించిన మనిషి. అలాంటిది, ఏడు నెలలుగా తన దగ్గర పని నేర్చుకుంటున్న కూతుర్ని వెంటబెట్టుకుని తనే పనిముట్ల కొట్టుకి వచ్చాడు.

“కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఏది మంచిదో చూపించండి. మా అమ్మాయికి.”

కూతురు తెల్లబోయింది. “నాకెందుకు నాన్నా? సుత్తి ఉందిగా!”

“చాల్లే, ఊరుకో.”

అసలు సంగతేమిటంటే, ఆయన ఎడమచేతి వేళ్ళకి స్పర్శ పోయింది. వానలకి ముందు మొదలైంది. సన్నమేకు రెండు వేళ్ళ మధ్య నిలబెడితే, ఉందో జారిపోయిందో కళ్ళతో చూస్తే గానీ తెలియదు. మొదట్లో హడలిపోయాడు. ఇప్పుడు ఆ భయం కూడా మొద్దుబారింది. లేస్తాడు, తింటాడు, పనికెళ్తాడు, అంతే. ఒక్కటే పట్టుదల, కూతురికి తెలియకూడదు. తెలిస్తే పని మాన్పిస్తుంది. పని లేకపోతే తనెవరో తనకే తెలియదు మరి. గన్నైతే మేకుని వేళ్ళతో పట్టుకోనక్కర్లేదు.

కొట్టు ఆసామి రెండు గన్నులు బల్లమీద పెట్టాడు. “గాలిపంపుది తేలిక, కానీ పైపు వెంట లాక్కుంటూ తిరగాలి. ఈ బ్యాటరీది కాస్త బరువే అయినా కొత్తవాళ్ళకి ఇదే హాయి. ముక్కు చెక్కకి ఆనించి నొక్కితేనే పేలుతుంది, నొక్కుకి ఒక్క మేకే. పట్టుకునే చెయ్యి మాత్రం జానెడు దూరంలో ఉంచాలి మేస్త్రిగారూ. ఒక్కోసారి మేకు వంకర తిరిగి పక్కనుంచి బయటికొచ్చేస్తుంది.”

తాతకు దగ్గులు నేర్పుతున్నాడే అనుకున్నాడు మేస్త్రి. సన్నటి బద్ద ఒకటి చెక్కమీద పెట్టి, అలవాటు కొద్దీ ఎడమచేతి వేళ్ళు మేకు దిగే చోటికే ఆనించి టప్పున నొక్కాడు.

“భలే ఉందే! బరువెంతుంటుంది?” అనడిగాడు.

కూతురూ ఆసామీ ఆయన ఎడమచేతి వంకే చూస్తున్నారు. తలొంచి చూసుకున్నాడు. మేకు మొన బద్ద పక్కనుంచి దూసుకొచ్చి ఆయన చూపుడువేల్లో దిగింది. రక్తం కారుతోంది.

కూతురు వేలుని మేకు నుంచి లాగి, రుమాలు బిగించి కట్టింది. “నొప్పి లేదా?”

“ఎందుకుండదూ, ఉంది,” అన్నాడు ఆలస్యంగా.

“కళ్ళు మూసుకో నాన్నా. ఇప్పుడు ఏ వేలు నొక్కుతున్నాను?”

అతుకు సరిగ్గా కుదిరిందో లేదో కళ్ళు మూసుకుని తడిమి చెప్పమనడం ఆయన నేర్పిన విద్యే. కన్ను మోసపోతుంది, వేలు మోసపోదు అని రోజూ చెప్పే మాటే. కళ్ళు మూసుకున్నాడు.

“ఉంగరం వేలు.”

“నేనసలు ముట్టుకోనేలేదు నాన్నా!”

గుట్టు రట్టయింది. తనకి ఏడుపొస్తుందేమో అనుకున్నాడు, రాలేదు. “పని మానెయ్యమంటావని చెప్పలేదు తల్లీ,” అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని ఆసామి వైపు తిరిగింది. “బ్యాటరీదే ఇవ్వండి. కొత్తగా నేర్చుకునేది మా నాన్న.” అట్నుంచి అటే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. స్పర్శ వస్తే రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు డాక్టరు.

మర్నాడు పొద్దున పనిలో ఆమె బద్ద పట్టుకుని కూర్చుంది. “నేను పట్టుకుంటా, నువ్వు నొక్కు.”

మేస్త్రి గన్ను కింద పెట్టాడు. కుడిచేత్తో ఆమె వేళ్ళని జానెడు దూరం జరిపాడు. అవి వెచ్చగా తగిలాయి. అప్పుడొచ్చింది ఏడుపు.